ముల్లెలమ్మ కనుమలో తిప్పన్న ముడి

పూర్వం తూర్పు కొండల మీదుగా ఎద్దులపై ఉప్పు మోసే పెరికవారిలో తిప్పన్న అనే మహాభక్తుడు ఉండేవాడు. అయితే అతని భక్తి దేవతల మీద కంటె గోనెముడుల మీద మెండు. దారిలో గోనె మూతి విప్పితే వర్తకానికి అరిష్టమని వారి ఆచారం గనుక, అతడు ఒకసారి ముడి బిగించాడంటే, సంత చేరేదాకా సాక్షాత్తు దేవేంద్రుడు దిగివచ్చి చిటికెడు ఉప్పు యాచించినా విప్పేవాడు కాదు.

ఇట్టి గట్టివాని ఇల్లాలు పోలాసాని. ఆమెకు రెండు పర్యాయాలు ఐదో నెలలోనే, నొప్పైనా తెలియకుండా, గర్భం జారిపోయింది. అమ్మలక్కలు ఆమె నడకను, తిండిని, చివరికి నవ్వును కూడా తప్పుపట్టారు. తిప్పన్న ఎద్దు మెడ కౌగిలించుకొని ఏడ్చేవాడు; పాపం, ఎద్దు ఓర్చుకొనేది.

ఆమె మళ్లీ నెల తప్పిన పిమ్మట, కనుమదారిలో ఒక ముత్తవ్వ ఎదురై, ఆమె కడుపు తడిమి చూసి, "బిడ్డ బంగారం, కడుపు బంగారం. మూతి ఒక్కటే వదులు. నీ తప్పేం లేదే తల్లీ" అన్నది. ఆ మాటకు పోలాసాని కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి. అవ్వ గర్భద్వారానికి పట్టుదారంతో కట్టు వేసి, తిప్పన్న చేత ఒక ఉప్పుగోనెకు ముడి వేయించి, "నెలలు నిండాక నీ ముడి నువ్వు విప్పితేనే నా కట్టు నేను విప్పుతాను. అందాకా నీ ఇల్లాలి చేత బరువులు మోయించకు" అని శాసించింది.

తిప్పన్న ఆ ఆజ్ఞను అక్షరాలా పాటించాడు. దంచాడు, రుబ్బాడు, కడవ నెత్తిన పెట్టుకొని నీళ్లు మోశాడు. ఆ వైభవం చూడడానికి ఆడవాళ్లు పనులు మానుకొని నూతి దగ్గర కాచుకొనేవారు. పోలాసాని తుమ్మబోయినా "మెల్లగా, మెల్లగా!" అని అరచేతులు చాచేవాడు.

నెలలు నిండి, ఆమెను కనుమకు చేర్చేసరికి నొప్పులు మొదలయ్యాయి. అవ్వ సిద్ధంగా ఉంది. తిప్పన్న మాత్రం గోనెను వాటేసుకొని కూర్చున్నాడు.

"విప్పరా!"

"విప్పను తల్లీ! రెండుసార్లు జారిపోయింది. ఇదీ పోతే నేను బతకలేను."

పోలాసాని పళ్లు బిగబట్టి, "సంత వచ్చేసిందయ్యా మారాజా! ఇంకా ఎంతదూరం మోయమంటావు?" అని గద్దించింది.

ఆ కేకకు తిప్పన్న ఉలిక్కిపడి ముడి పట్టాడు. అతని ముడి అతనికే లొంగలేదు. చివరకు పంటితో లాగగా ముందుపన్ను ఊడింది, ముడీ ఊడింది, ఉప్పు గుట్టగా కారింది. అవ్వ తన కట్టు విప్పింది, ఆడపిల్ల కేరుమన్నది. బోసినోటి బిడ్డను చూసి తొర్రిపన్ను తండ్రి భోరున ఏడ్చాడు. అవ్వ పకపకా నవ్వి అక్కడే ముల్లెలమ్మ అనే పేరుతో శిలగా వెలసింది.

నాటి ఉప్పుగుట్టే నేడు ముల్లెలమ్మ పాదాల చెంత తెల్లరాళ్లుగా కనిపిస్తున్నదని పెద్దలు చెబుతారు. పట్నంలో డాక్టరమ్మ చేత గర్భద్వారానికి కుట్టు వేయించుకొన్న గర్భిణుల భర్తలు నేటికీ ఇక్కడ ఉప్పుముల్లె కట్టి, కుట్టు విప్పించిన నాడు వచ్చి దాన్ని పంటితో విప్పుతారు. పిమ్మట ఆ ఉప్పే నాలుక మీద వేసుకొని, అది కరిగేదాకా ఇల్లాలికి ఏ జాగ్రత్తా చెప్పకూడదని నియమం. అందుకే ఇల్లాళ్లు ఏరి ఏరి పెద్ద ఉప్పుకల్లే అందిస్తారు.