ఎముకల ధరకు కట్టిన కూలి

కొండ కనుమ దారిలో జంబయ్య అనే నక్క పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. పులులు, తోడేళ్లు దిగే చోటు. నీళ్లు మోయడం, గదులు ఊడ్చడం, ఎంగిలి ఎత్తడం అన్నీ నీలమ్మ అనే గాడిద నెత్తినే. రోజుకు పది కాసుల కూలి, రాత్రి కాపలాకి రెండు కాసుల బత్తా. ఏడేళ్లుగా అంతే.

ఆ ఏడు వాన చుక్క లేదు. నాలుగు కాసుల గడ్డిమోపు తొమ్మిదికి ఎగబాకింది. నీలమ్మకు పాలు ఎండిపోయాయి. పక్కన మూడు నెలల పిల్ల. ఇక ఊరుకోలేక వెళ్లి జంబయ్య ముందు నిలబడింది.

"బాబుగారూ, గదుల అద్దె మూడుసార్లు పెంచారు. నా కూలి కూడా చూడండి. ధరలు పెరిగినంత పెంచితే చాలు."

"నువ్వు అడగాలా నీలమ్మా? నాకు తెలీదూ?" అంటూ జంబయ్య అప్పటికప్పుడు కాగితం రాసి చదివాడు. "సంతలో ఎముకల ధర పెరిగితే కూలీ, బత్తా పెరుగుతాయి. తగ్గితే తగ్గుతాయి."

"ఎముకలెందుకండీ? నేను తినేది గడ్డి కదా!"

"పిచ్చిదానా, నేను రోజూ కొనేవి అవేగా, ధర నోటికుంటుంది. కరువులో ధర పెరగనిదేదైనా ఉందా, చెప్పు?"

నిజమే అనిపించింది నీలమ్మకు. ఉప్పు పెరిగింది, తవుడు పెరిగింది, ఎముకలు మాత్రం ఎందుకు పెరగవు? గిట్ట ముద్ర వేసి, దండం పెట్టి మరీ వచ్చింది. ఏడేళ్లు ఆ వంటింట్లో ఎముకలు ఎత్తిపోసింది గానీ, అవి ఎవరివో ఒక్కసారీ ఆలోచించలేదు వెర్రి తల్లి.

నెల తిరిగింది. మేత లేక ఆవులు, మేకలు ఎక్కడివక్కడ కూలాయి. సంతలో ఎముకలు గుట్టలు పడ్డాయి. కొనేవాడు లేడు.

"అన్నీ కలిపి ఇకమీద ఐదు కాసులు," అన్నాడు జంబయ్య.

"గడ్డిమోపు పదకొండైంది బాబుగారూ! పిల్ల నిలబడలేకపోతోంది."

"నన్నేం చేయమంటావు? ఒప్పుకున్నది నువ్వేగా. పోనీ, మానేస్తావా?"

మానేసి ఎక్కడికి పోతుంది? నీళ్ల తిత్తులు ఎత్తుకుంది. ఐదు కాసులకు సగం మోపైనా రాలేదు. వచ్చిందంతా పిల్ల ముందు వేసి, తాను ఎండుటాకులు నమిలింది.

పది రోజులకు పిల్ల పోయింది. మర్నాడే పనికి వచ్చింది నీలమ్మ, రాకపోతే ఆ ఐదూ ఉండవు. జంబయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"విన్నాను నీలమ్మా, చాలా బాధేసింది. అన్నట్టు, ఎముకల ధర ఇంకా దిగింది. ఇవాళ్టినుంచి నాలుగు."

కూలి పెంచుతానన్న యజమానిని ఎంత అని అడిగే ముందు, ఎవరి కడుపు చూసి అని అడగాలి.