మేకపిల్లకు చక్రాలు

అనగనగా సముద్రం పక్కన, ఇసక మీద ఒక ఊరు. ఊ కొడుతున్నావా? ఆ ఊళ్ళో నూకరత్నం అని మూడో తరగతి పిల్ల ఉండేది. వాళ్ళ మేక ఒక పిల్లను ఈనింది. పాపం, దాని వెనక కాళ్ళు పుట్టుకతోనే చచ్చుబడ్డాయి. ముందు కాళ్ళతో ఈడ్చుకుంటూ తల్లి దగ్గరికి పోయేది. అది చేరేసరికి తల్లి ఇంకో చోటికి పోయేది.

వాళ్ళ నాన్న అప్పలనర్సయ్య చూసి చూసి, "రేపు సంతలో అమ్మేస్తానమ్మా. పాలే అందకపోతే అదెలా బతుకుద్ది?" అన్నాడు.

నూకరత్నం మేకపిల్లను చంకనేసుకుని తిన్నగా బడికి పోయింది.

బడిలో హైమవతి టీచర్ ఉండేది. పిల్లల చేత వస్తువులు చేయించడమంటే ఆవిడకు మహా ఇష్టం. "ముందు చూడండి, తర్వాత బొమ్మ గీయండి, ఆ తర్వాతే కత్తెర పట్టండి" అనేది. మేకపిల్లను చూసి, "దీనికేం కావాలర్రా?" అని అడిగింది.

"కాళ్ళు!" అన్నారు పిల్లలు.

"కాళ్ళు మనం చెయ్యలేం. మరి?"

"చక్రాలు!" అంది నూకరత్నం.

అప్పుడు పురికొసతో దాని పొడుగూ ఎత్తూ కొలిచారు. వెనక భాగం ఆనేలా ఒక బుల్లి బండి పలక మీద గీశారు. వెదురు బద్దలు కట్టి, సీసా మూతలు చక్రాలుగా పెట్టారు. బండి అరుగు మీద జోరుగా పోయింది. ఇసకలో దిగగానే కూరుకుపోయింది.

ఆ తర్వాత తాటిబుర్రలు కట్టారు. అవి కూరుకుపోలేదు గానీ, ఒకటే బరువు. మేకపిల్ల లాగలేక "మే..." అని ఏడ్చింది. దాన్ని చూసి నూకరత్నమూ ఏడ్చింది. తెల్లారితే సంత మరి!

టీచర్ నూకరత్నం కళ్ళు తుడిచింది. "మూతలెందుకు దిగబడ్డాయో, బుర్రలెందుకు కదల్లేదో చూశావుగా. ఇప్పుడెలాంటివి కావాలో నువ్వే చెప్పు."

నూకరత్నం ఇసకలోకి చూసింది. తన ఉత్తి కాళ్ళ మడమలు లోతుగా దిగాయి. టీచర్ చెప్పుల అచ్చులు పైపైనే ఉన్నాయి. "వెడల్పుగా, తేలిగ్గా ఉండాలి... చెప్పులు, టీచర్!" అని అరిచింది.

అప్పుడు పిల్లలంతా ఇళ్ళకు పరిగెత్తి, తెగిపోయిన రబ్బరు చెప్పులు తెచ్చారు. టీచర్ గుండ్రంగా కోసిచ్చింది. పిల్లలు వాటిని ఒకదానికొకటి జోడించి వెడల్పాటి చక్రాలు చేశారు.

మర్నాడు పొద్దున్నే అప్పలనర్సయ్య తాడు పట్టుకుని దొడ్లోకి వచ్చాడు. మేకపిల్ల బండితో సహా అతని ముందు నుంచే ఉరికింది. తల్లి పక్కకు జరిగితే అదీ జరిగింది. పొదుగు అందుకుని కడుపారా తాగింది.

అప్పలనర్సయ్య మెల్లగా కింద కూచుని, బండిని తడిమి చూశాడు. "బద్ద దీని పొట్టకి రాసుకుంటంది గదే, అమ్మా" అంటూ భుజం మీది తువ్వాలు చింపి, బద్దకు మెత్తగా చుట్టాడు.

ఆ వేళ వాళ్ళింట్లోంచి సంతకి ఎవరూ పోలేదు.

కథ చేరె కంచికి,
కునుకు చేరె కంటికి,
ఇక కబుర్లు చాలు మా చిట్టికి!