రాగి చుట్టిన తీగ

తిమోతికి ఉన్న చెవి మరొకరికి లేదని అందరూ ఒప్పుకునేవాళ్ళు. పియానో శ్రుతి వెంట్రుకవాసి తప్పినా ఇట్టే పట్టేసేవాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, అతని చేతిలో తీగలు తెగేవి.

బందరులో ఒక చర్చి పియానోని శ్రుతి చెయ్యమని గురువు సత్యానందంగారు అతన్ని ఒక్కణ్ణే పంపించారు. ఆదివారం అక్కడ పండుగ. పని మొదలుపెట్టి కాస్త బిగించాడో లేదో, టప్పుమని ఒక తీగ తెగింది. దాని వెనకే ఇంకోటి. తెచ్చుకున్న తీగ కాస్తా వాటికే సరిపోయింది.

ఉక్రోషం పట్టలేక, ఆ పియానో వాయించే కరుణమ్మగారి మీద విరుచుకుపడ్డాడు.

"సముద్రపు గాలికి వదిలేసి తుప్పు పట్టించారు. తెగక ఏం చేస్తాయి?"

పాపం, ఆ పియానోని కన్నబిడ్డలా చూసుకున్న మనిషి ఆవిడ. బెంచీ మీద కూలబడిపోయింది.

కబురందుకుని మర్నాడు సత్యానందంగారే బస్సు దిగి వచ్చారు. ఇక శ్రుతి చెయ్యడానికి మిగిలినవి మంద్రంలో రెండు తీగలు, రాగి చుట్టిన లావుపాటివి. ఆదివారంలోగా వాటికి మారుతీగ ఎక్కడా దొరకదు. ఏది తెగినా పండుగనాడు ఆ మెట్టు మూగబోవలసిందే.

"పాత తీగలండీ మాస్టారూ. నా తప్పేం లేదు," అన్నాడు తిమోతి.

ఆయన కరుణమ్మగారి వైపు తిరిగి చేతులు జోడించారు.

"వీడికి సరిగ్గా నేర్పనిది నేనమ్మా. మీ పియానోకి ఏ లోపమూ లేదు."

తిమోతికి తల కొట్టేసినట్టయింది.

సత్యానందంగారు తీగ చుట్టి ఉండే మేకుకి పానా తగిలించి, అసలే శ్రుతి దిగిపోయి ఉన్న తీగని ఇంకాస్త కిందికి దించారు. ఎక్కించే ముందు దించమని ఆయన ఎప్పుడూ చెప్పేదే. ముసలాయన చాదస్తం, నా చెవికి ఇదెందుకులే అని తిమోతి ఏనాడో మానేశాడు.

అప్పుడు వినపడింది, చిటుక్కుమని సన్నటి చప్పుడు. తీగ తెగలేదు. తుప్పుతో అతుక్కుపోయిన చోట పట్టు వదిలింది. ఇంత మంచి చెవి ఉండీ, ఆ చప్పుడు తిమోతి వినడం అదే మొదలు. ఆయన నిద్రలో ఉన్న పసిపిల్లని లేపినట్టు కొద్దికొద్దిగా ఎక్కించారు. తీగ పలికింది. చర్చి అంతా నిండిన ఆ నాదానికి తిమోతి ఒళ్ళు ఝల్లుమంది. అబ్బ, ఏం చెయ్యి ఆయనది!

"రెండోది నేను చేస్తాను మాస్టారూ," అంటూ చెయ్యి చాపాడు.

ఆయన పానా ఇవ్వలేదు. అతని మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు, తొందరా లేదు.

తిమోతి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కరుణమ్మగారు కూర్చున్న బెంచీ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మాస్టారు నేర్పారు. నేనే వినలేదు. తీగలు తెంపింది నేను, మాట తూలింది మీ మీద."

"పోనీలే నాయనా," అంది కరుణమ్మగారు కళ్ళు తుడుచుకుంటూ. "వెళ్ళి పని చూసుకో."

తిరిగి వచ్చేసరికి సత్యానందంగారు పానా చేతికందించారు. తిమోతి దాన్ని మేకుకి తగిలించి ఆగాడు.

"ఒకవేళ ఇదీ తెగితే, మాస్టారూ?"

"ఇక నీ చేతిలో తెగదులేరా. కానియ్."