ఒషినో అవ్వ మూడు గంపలు

అనగా అనగా, సూర్యుడు అందరికంటే ముందు పలకరించే జపాను దీవుల్లో, ఒక కొండదారి పక్కన ఒషినో అనే ముసలావిడ ఉండేది. మొగుడు పోయాక అతని కత్తెరలు పట్టి, క్షౌరం చేసి బతికేది. ఎన్ని తలలు చూసిందంటే, గుడిసె వెనక రాలిన జుట్టే ఇంకో కొండయింది. వేటగాళ్లు ఎలుగుబంటి అనుకుని దానిమీద బాణాలు వేసేవాళ్లు.

ఆ రోజుల్లో రాజ్యం మారింది. కొత్త ప్రభుత్వం వచ్చి, "కత్తులు దించండి, పిలకలు తీయించుకోండి" అంది. సగంమంది సరేనని క్రాపు కొట్టించుకుని తుపాకులు పట్టారు. మిగతా సగం, "తల ఇస్తాం గానీ పిలక ఇవ్వం" అన్నారు. ఇంకేముంది, యుద్ధం.

ముందు పిలకలవాళ్లు వచ్చారు. మూడు పగళ్లు నడిచారు ఆ దారంట. వాళ్లు తాగిన తాగుడికి ఏరు ఎండిపోయి, కప్పలు కాలినడకన ఊరు వదిలాయి. తర్వాత క్రాపులవాళ్లు వచ్చారు. వాళ్లూ మూడు పగళ్లు నడిచారు. తిరిగొస్తున్న కప్పలు వాళ్లని చూసి మళ్లీ వెనక్కి మళ్లాయి.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. దూరాన పోయినవాడి శవం రాకపోయినా, ఒక పాయ జుట్టు ఇల్లు చేరితే చాలు. దాన్నే కుండలో పెట్టి పూడుస్తారు. అప్పుడా జీవుడు ఇంటికొచ్చినట్టు. అందుకే కొండ ఎక్కేముందు ప్రతి సిపాయీ ఒషినో ముందు తల వంచేవాడు.

"అవ్వా, ఒక పాయ తీసి దాచు. నేను పోతే మా అమ్మకి ఇవ్వు."

"మీ ఊరేది నాయనా?"

ఊరు చెప్పేవాడు. పాయని కాగితంలో చుట్టి, తన చేత్తో తనకొచ్చిన ముడి వేసేవాడు. ఆవిడకి చదువు రాదు. ముడి చూస్తే మనిషి గుర్తొచ్చేవాడు. పిలకైనా అంతే, క్రాపైనా అంతే.

"ఇంతకీ నువ్వెవరి పక్షం అవ్వా?" అన్నాడొకడు.

"నడుంనొప్పి పక్షం. తల కదపకు."

కొండమీద పిలకలవాళ్లు ఓడిపోయారు. గెలిచినవాళ్లలోనూ సగంమంది దిగిరాలేదు. బతికినవాళ్లు తమ పొట్లాలు తామే తీసుకుపోయారు. ఎవరూ రానివి మూడు గంపలు మిగిలాయి.

ఒకనాడు పొద్దున్నే క్రాపులవాళ్ల దళపతి వచ్చాడు. ముందు మీసం వచ్చింది, కాసేపటికి మనిషి వచ్చాడు.

"ముసలిదానా, తిరగబడినవాడికి సమాధి ఉండకూడదని ఆజ్ఞ. పొడుగు జుట్టంతా వాళ్లదే, పొట్టిది మావాళ్లది. పొద్దు వాలేసరికి కొండ దిగుతాను. పొడుగువన్నీ ఏరి ఉంచు. కాల్చేస్తాను."

"అలాగే దొరా."

అతను వెళ్లాక ఆవిడ గంపల ముందు కూలబడింది. భయపడటానికి ఓపిక లేదు. ఎదురు తిరగడానికి అసలే లేదు. చేతనైన పని ఒక్కటే. ఒక పొట్లం విప్పింది. పొడుగు పాయని క్రాపు జుట్టంత మిగిల్చి కత్తిరించింది. వాడు వేసిన ముడే మళ్లీ వేసింది. తెగిన జుట్టుకి దణ్ణం పెట్టి, మళ్లీ పారుతున్న ఏట్లో వదిలింది. ఇంకోటి విప్పింది. ఇంకోటి.

మధ్యాహ్నానికి ఒక కత్తెర మొద్దుబారింది. తర్వాత రెండోది. మూడోది విరిగితే పళ్లతో కొరికిందట. ఉన్నవి రెండే పళ్లు, అవీ ఎదురెదురుగా లేవు. ఎలా కొరికిందో అడక్కండి.

పొద్దు వాలింది. దళపతి సిపాయిలతో దిగాడు. ఒక పొట్లం విప్పాడు, పొట్టి. రెండోది, పొట్టి. మూడోదీ పొట్టే.

"ఏది ఎవరిది?"

"జుట్టే కదా దొరా. తలమీంచి దిగాక అంతా ఒకటే. మీరే ఏరుకోండి."

"అయితే మొత్తం కాల్చండి."

ఒక్క సిపాయీ కదల్లేదు.

"అయ్యా, మా అన్న అందులో ఉన్నాడు" అన్నాడొకడు మెల్లిగా.

"మా బావ" అన్నాడు ఇంకొకడు.

మూడోవాడు టోపీ తీశాడు.

దళపతి చేతిలో పొట్లాన్ని మళ్లీ చుట్టాడు. ముడి వేయబోతే ఆయనకి రాలేదు. అలాగే ఒషినో ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

అసలు నడక అప్పుడు మొదలైంది. ఆవిడ ఊరూరూ తిరిగింది. తిరిగి తిరిగి కాళ్లు మోకాళ్ల దాకా అరిగాయి. ఏ ఇంటికెళ్లినా తల్లులు మూడే అడిగేవాళ్లు.

"నొప్పి తెలిసిందా?"

"తెలీలేదమ్మా."

"ఆకలితో పోయాడా?"

"తిన్నాడమ్మా."

"నన్ను తలిచాడా?"

"తలిచాడు."

మొదటి రెండూ ఆవిడకి తెలీవు. మూడోది మాత్రం చెవులారా విన్నది.

ఎన్నేళ్లకో చివరి పొట్లం చివరి తల్లి చేతిలో పెట్టింది. "కాసేపు కూర్చుంటానమ్మా" అని ఆ ఇంటి గడపమీదే చతికిలబడింది. ఆ తల్లి మంచినీళ్లు తెచ్చేసరికి తల వాల్చేసి ఉంది.

గడపమీద కూర్చుంటే అరిష్టమని ఎక్కడైనా కసురుతారు. ఆ ఇల్లున్న లోయలో మాత్రం, అలిసినవాళ్లు ఎవరొచ్చి గడపమీద కూర్చున్నా ఇప్పటికీ లేపరు. లోపలివాళ్లు బయటికి రావాలన్నా, బయటివాళ్లు లోపలికి పోవాలన్నా ఆగుతారు. తొందరపడే పిల్లల్ని చెయ్యి పట్టి ఆపి, "ఉండరా, ఒషినో అవ్వ కూర్చుంది" అంటారు.