రోచన ఆర్పిన హోమాగ్ని

పూర్వం వేత్రవతీ నదీతీరాన హవిర్ధాముడనే మహర్షి, తాతలనాడు వెలిగిన హోమాగ్నిని ఒక్క పూటైనా ఆరనివ్వక కాపాడుకుంటూ, ధర్మపత్ని సౌవర్చలాదేవితో కూడి శిష్యులకు వేదం చెబుతుండేవాడు. గురువు ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలి, శిష్యులు మళ్లీ అడగకూడదు. అది ఆ ఆశ్రమ నియమం.

సుహవ్య మహారాజు ఏకైక పుత్రిక రోచన ఎనిమిదో ఏట అక్కడ చేరింది. చేరిన నాటినుంచి ఆశ్రమానికి శాంతి లేదు. తాటాకు గ్రంథాలు చించేది, తోటివారిని కొరికేది, ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేక కొట్లాడేది. చివరికి ఆమెను ఆటకు పిలవడమే మానేశారు. రాజుగారి గారాబం తలకెక్కిందని తేల్చేశాడు ముని. అంతటి జ్ఞానికీ అంతకు మించి తోచలేదు మరి.

ఒకనాటి ఉదయం ఆయన, "అమ్మాయీ, సమిధలు తెచ్చి వేదిక పక్కన ఉంచి, నెయ్యి కరిగించి అగ్నిలో పోసి, కలశంలోని నీళ్లు వేదిక చుట్టూ చల్లు" అని ఆజ్ఞాపించి, నదికేగి, స్నానం ముగించుకుని వచ్చి, వాకిట్లోనే కొయ్యబారిపోయాడు. హోమకుండంలో తడి బూడిద. పక్కనే ఖాళీ కలశంతో రోచన. మూడు తరాల అగ్ని ఆరిపోయింది. శిష్యులు చుట్టూ మూగారు.

ముని కమండలూదకం చేతిలోకి తీసుకుని, "మదాంధురాలా, నీవు శిలవై..." అంటుండగా సౌవర్చల ఆ చేయి పట్టుకుంది. ఆ ఇల్లాలు ఏనాడూ చేయని పని అది.

"స్వామీ, శపించే ముందు ఏం విన్నదో అడగండి."

ముని అడిగాడు. రోచన వెక్కుతూ చెప్పింది. "అగ్నిలో పోయమన్నారు. కలశం అన్నారు. నడుమ మాటలు జారిపోయాయి గురుదేవా. ఎప్పుడూ జారిపోతాయి. మళ్లీ అడగకూడదు కదా. తప్పు చేస్తే వీళ్లు నవ్వుతారు. నవ్వితే కొడతాను."

ముని నిర్ఘాంతపోయాడు. శాపజలం వేళ్ల సందుల్లోంచి నేలపాలైంది. "నా నియమానికి బిడ్డను బలి ఇవ్వబోయాను" అని సిగ్గుతో తల దించుకున్నాడు.

అంతట బూడిదలోంచి సప్తజిహ్వుడైన అగ్నిదేవుడు ప్రత్యక్షమై, "మునీ, ఈమెను ఏకసంథాగ్రాహిని చేయనా?" అన్నాడు.

"వద్దు హవ్యవాహనా. ఆమె తన వేగంతో తాను నడుస్తుంది. ఒక్కో మాటే చెప్పే ఓర్పు, మళ్లీ అడిగితే విసుగెత్తని మనసు నాకు ప్రసాదించు."

"తథాస్తు. ఈ బిడ్డ చేతనే నన్ను మళ్లీ రగిలించు" అని అగ్ని అంతర్ధానమయ్యాడు.

ముని నిప్పు చిలికే అరణి కొయ్యలు తెప్పించి, "ముందు కింది కొయ్య నొక్కి పట్టు" అన్నాడు. పట్టింది. "ఇప్పుడు తాడు లాగు."

"మళ్లీ చెప్పండి గురుదేవా" అంది రోచన. శిష్యులు ఉలిక్కిపడ్డారు. ముని మళ్లీ చెప్పాడు, ఆమె లాగింది. కాసేపటికి పొగ లేచింది, నిప్పు రాజుకుంది.

అప్పుడు, అందరికంటే ఎక్కువగా నవ్వే పెద్ద శిష్యుడు లేచి, చేతులు కట్టుకుని, "గురుదేవా, నిన్నటి పాఠం నాకూ మళ్లీ చెప్పండి" అన్నాడు.