గోరింకకు కాపలా ఉద్యోగం

నల్లమల లోపల ఒక లోయలో దుప్పులూ కొండముచ్చులూ కలిసి కంపెనీ నడిపేవి. కంపెనీ అంటే ఏమిటనుకున్నారు, మేత కంపెనీయే! కొండముచ్చులు చెట్టు మీద కూర్చుని, పులి జాడ కనబడగానే "ఖక్! ఖక్!" అని అరవాలి. కింద దుప్పులు నిశ్చింతగా మేయాలి. కాపలాకి జీతం రాలిన ఇప్పపూలలో సగం. తాతల నాటి ఒప్పందం, ఎవరికీ ఏ లోటూ లేదు. లోటు లేకపోతే పెద్దలకి తోచదు కదా, చిక్కంతా అక్కడే వచ్చింది.

దుప్పుల పెద్ద కొమ్ములరాయుడికి సగం పూలు పోతున్నాయని ఒకటే దిగులు. ఆ సంగతి గుంటనక్క జంబయ్య పసిగట్టాడు. వాడి బాధ వేరు. ముసలి కొండముచ్చు నాంచారి కొమ్మ మీద ఉన్నన్నాళ్ళూ పులికి వేట దొరకదు, పులి తినగా మిగిలింది తనకీ దొరకదు. ఒకరోజు వీపు మీద గోరింకని ఎక్కించుకుని దిగాడు.

"రాయుడుగారూ, ఇది మామూలు గోరింక కాదండోయ్! అడవిలో కూతలన్నీ విని ఒంటబట్టించుకుంది. ఏది అడిగినా టక్కున చెప్తుంది. పక్క లోయవాళ్ళు అప్పుడే పెట్టేసుకున్నారు. మీరే వెనకబడ్డారు."

వెనకబడ్డారన్న మాట చాలదూ! రాయుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"మరి జీతం?"

"గుప్పెడు చీమలు పారేయండి, చాలు."

గోరింక గొంతు సవరించుకుని "ఖక్! ఖక్!" అంది. దుప్పులన్నీ ఎగిరిపడ్డాయి. "అబ్బ! అచ్చం నాంచారే!" అని ముచ్చటపడ్డాయి.

వెంటనే మీటింగు. కొత్తగా ఈనిన చుక్కమ్మ ముందుకొచ్చింది. "పెదనాన్నా, నా బిడ్డకి ఇంకా పరుగు రాలేదు. పూలు పోతే పోయాయి, నాంచారత్తని మాన్పించొద్దు" అని బతిమాలింది.

"కాలం మారింది పిల్లా, నువ్వూ మారు" అన్నాడు రాయుడు.

నాంచారి కొమ్మ మీంచి కిందికి వంగింది. "అమ్మా గోరింకా, ఆ బండ పక్క పొదలో పులి ఉంది కదూ?"

"చక్కటి ప్రశ్న అడిగారు! ఉందండీ. పెద్దపులి. చారలు దట్టంగా ఉన్నాయి, ఎడమ కాలు కాస్త ఎత్తి పెట్టింది."

దుప్పులు లేచి పరుగు తీయబోయాయి.

"కూర్చోండర్రా, అక్కడ పొదే లేదు!" అంది నాంచారి.

"మన్నించాలి, మీరన్నదే సరి. అక్కడ పొద లేదు, పులీ లేదు" అంది గోరింక, అంతే తియ్యగా.

"చూశారా? అది పొద వంక చూడనే లేదు. నా మొహం చూసి చెప్పింది."

జంబయ్య నవ్వేశాడు. "కొత్త కదండీ, నేర్చుకుంటోంది. ముసలామెకి ఉద్యోగం పోతుందని కడుపుమంట."

అప్పుడు రాయుడు తన తెలివంతా బయటపెట్టాడు. "మనలో మనకి తగువెందుకు? అన్నీ తెలిసినదాన్నే అడుగుదాం" అని, గోరింకని పెట్టుకోవాలా వద్దా అని గోరింకనే అడిగాడు! పెళ్ళికొడుకు మంచివాడేనా అని పెళ్ళికొడుకునే వాకబు చేసినట్టు. అది ఏకధాటిగా కారణాలు చెప్పుకుపోయింది, అన్నీ పెట్టుకోమనే. దుప్పులు గిట్టలు టకటకలాడించి మెచ్చుకున్నాయి. నాంచారినీ, మిగతా కొండముచ్చుల్నీ ఆ పూటే పొమ్మన్నారు.

నాంచారికి కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. లోయ వదిలి పోదామని లేస్తే చుక్కమ్మ అడ్డం నిలబడింది. "అత్తా, నా వంతు పూలన్నీ నీవే. నా బిడ్డ పడుకునే చోటికి పైన కూర్చో, నీకు దణ్ణం పెడతాను."

"ఏడవకే తల్లీ, ఉంటాలే" అంది నాంచారి.

జంబయ్య ఊరుకుంటాడా! తిన్నగా పులి దగ్గరికెళ్ళి, "దొరా, కాపలా తీయించేశాను. రేపు విందే!" అని మాటిచ్చాడు.

మర్నాడు మేత వేళ గడ్డి కదిలింది. రాయుడు మేత ఆపి తలెత్తాడు. "గోరింకమ్మా, అది గాలే కదూ?"

"గాలేనండీ. చల్లటి పడమటి గాలి. హాయిగా మేయండి."

"ఖక్! ఖక్! ఖక్!" చెట్టు మీంచి నాంచారి గొంతు చించుకుంది.

"ఆ ముసలిదాని గోల పట్టించుకోకండి" అన్నాడు రాయుడు.

చుక్కమ్మ అది విననే లేదు. బిడ్డని మూతితో గడ్డిలోకి అదిమి, గిట్ట నేలకేసి కొట్టి, తోక పైకెత్తింది. దుప్పుల సంగతి తెలుసుగా, ఒకటి తోకెత్తి తెల్లటి అడుగుభాగం చూపిస్తే మిగతావి ఎందుకని అడగవు, పరుగే! రాయుడి కాళ్ళు కూడా ఆయన మాట వినలేదు. పులి మంద వెంట పడింది. గడ్డిలో ఊపిరి బిగబట్టి పడుకున్న పసిదాన్ని చూడకుండా పక్కనుంచే పోయింది. మంద కొండెక్కేసింది, పులికి ఒక్కటీ చిక్కలేదు.

కొండ మీద రాయుడు రొప్పుతూ తల వంచాడు. "నాంచారక్కా, బుద్ధొచ్చింది. ముప్పావు వంతు పూలు తీసుకో."

"సగం చాలు" అంది నాంచారి. "గోరింక తిరిగొస్తే తరమకండి. దానిది బంగారంలాంటి గొంతు, పిల్లలకి కూతలు నేర్పనివ్వండి. కాపలా మాత్రం కళ్ళతో చేసే పని."

ఇక్కడ ఇలా ఉండగా, వాగు అవతల పుట్ట చాటున జంబయ్య లొట్టలేస్తున్నాడు. గోరింక ఎగిరొచ్చి వాడి పక్కన వాలింది.

"ఏమే, పులికి దుప్పి దొరికింది కదూ?"

"దొరికిందండీ! బాగా బలిసింది."

"నా వాటా ఉంచాడు కదూ?"

"ప్రత్యేకంగా ఉంచారండీ."

"అయితే నేను వెళ్ళొచ్చు కదూ?"

"తప్పకుండా వెళ్ళండి. మీ కోసమే చూస్తున్నారు."

చెప్పిన వాటిల్లో ఆ ఆఖరి మాట ఒక్కటే నిజం. జంబయ్య తోకూపుకుంటూ వెళ్ళాడు. ఖాళీ కడుపుతో, మండిపోతూ కూర్చున్న పులి ఆ పూటకి నక్కతోనే సరిపెట్టుకుంది.

నీతి: మన మనసెరిగి మాట్లాడేది కబుర్లకి పనికొస్తుంది గానీ, కాపలాకి పనికిరాదు.