అత్తరంగడి పంపిన జవాబు

సిలారు చాలా వినయం గలవాడు. అత్తరంగడి ఫేస్‌బుక్ పేజీలో తన ఫోటో రోజుకు రెండుసార్లకు మించి పెట్టేవాడు కాదు. మూడోసారి పెట్టాలనిపిస్తే గురువుగారి ఫోటో పెట్టి, అందులో పక్కన తను నిలబడేవాడు.

గురువు మౌలాలి తాత. కడపలో దర్గాకు పోయే సందులో ఆయన అంగడి. అత్తరు కోసం వచ్చేవాళ్లు కొందరు, మనసు బాగాలేక ఆయన పక్కన కాసేపు కూర్చుని పోదామని వచ్చేవాళ్లు కొందరు. ఎవరొచ్చినా తాత పద్ధతి ఒకటే. చెయ్యి పట్టుకుని మణికట్టు మీద చుక్క అత్తరు పూస్తాడు. పూశాక ఆ చెయ్యి వదలకుండా, వాళ్లు ఏదో ఒక మాట అనేదాకా ఊరికే ఉంటాడు. బేరం ఆ తర్వాత.

తాత ఏ శిష్యుడి చేతికైనా సీసా ఇచ్చాడంటే, ఇక నువ్వూ పూయవచ్చు అని అర్థం. సిలారు మూడేళ్లుగా ఆ సీసా కోసమే కాచుకుని ఉన్నాడు. సీసా రాలేదు గానీ, అంగడి ఫోను చేతికి వచ్చింది.

ఫోనులో విజృంభించాడు. సీసాల మీద ఎండ పడుతున్నట్టు వీడియోలు తీశాడు. బోర్డు మీదున్న అంగడి నంబరు చెరిపించేశాడు. ఫోను చేసి మాట్లాడితే ఎవరికి కనబడుతుంది? మెసేజి పెడితే పేజీకి బలం. పేజీ వేలమందితో కళకళలాడింది. అంగడిలో మాత్రం తాత, తను, ఫ్యాను.

ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు. "తాతా, మనల్ని ఇంతమంది ఇష్టపడతా ఉంటే, కొనేదానికి కొత్తోడు ఒక్కడూ రాడేమి?"

తాత పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి అత్తరు వంచుతున్నాడు. తలెత్తలేదు. "ఇష్టపడినోళ్లతో ఏం మాట్లాడతావు?"

"అందరితోనూ మాట్లాడతా. ఎవురు మెసేజి పెట్టినా రెప్పపాటులో జవాబు పోతుంది. నేను నిద్రపోతున్నా పోతుంది."

"నువ్వు నిద్రపోతే మాట్లాడేదెవురబ్బా?"

"అదే మాట్లాడుకుంటుంది తాతా! ఒకసారి రాసి పెట్టేస్తే చాలు. పేరు కూడా అదే చేర్చుకుంటుంది." సిలారు గొంతులో, ఈ ముసలాయనకు ఏం తెలుసులే అన్న జాలి కొంచెం ఉంది.

తాత సీసాకు మూత బిగించి, చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "ఇట్లా ఇయ్యి. వాళ్లు అడిగింది నేను చదువుతా. నువ్వు చెప్పింది గట్టిగా చెప్పు. ఎట్లుంటాదో విందాం."

సిలారుకు ఉషారొచ్చింది. ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జవాబు తను రాసిందే, చూడకుండా చెప్పగలడు.

తాత చదివాడు. "గులాబీ అత్తరు తెల్లబట్టకు మరక పడుతుందా అండీ?"

"వావ్! మీ సంతోషంలో మేమూ ఉన్నాం! ఫ్రెండ్స్‌ని ట్యాగ్ చేయండి, సర్‌ప్రైజ్ గిఫ్టు గెలుచుకోండి!" సిలారు చేతులు కూడా ఊపాడు.

"మరక సంగతి?"

"అది... వాళ్లు మళ్లీ అడుగుతారు తాతా."

తాత ఇంకొకటి చదివాడు. "మీరు గిఫ్టుగా పంపిన సీసా మూత ఊడిపోయి, సంచి అంతా కారిపోయింది. ఏం చేయమంటారు?"

"వావ్! మీ సంతోషంలో మేమూ ఉన్నాం!" ఈసారి చేతులు లేవలేదు. "దీన్ని కొంచెం మార్చాల తాతా."

"మారుద్దువులే. ఇదిగో, ఈ పొద్దున వచ్చింది." తాత గొంతు ఎక్కడా మారకుండా చదువుకుంటూ పోయాడు. "నేను కాశింపీరా కూతురు హుస్సేనమ్మను. మా నాయన రాత్రి..."

"వావ్! మీ సం..." సిలారు అలవాటు కొద్దీ ముందే అందుకున్నాడు.

"...పోయినాడు. ఆయన ఎప్పుడూ పూసుకునేది మీ వట్టివేరు అత్తరే. మగోళ్లు గోరీ పనికి పోయినారు, వచ్చేదానికి ఎవురూ లేరు. ఒంటిగంటకు తీసకపోతారు. అంతలోపల కొంచెం పంపిస్తారా?"

కింద జవాబు అప్పటికే పోయి ఉంది. హుస్సేనమ్మ గారూ, వావ్. చివర పూలగుత్తి, డాన్సు చేసే బొమ్మ.

సిలారు చెయ్యి ఫోను వైపు పోయింది.

తాత ఫోను కింద పెట్టాడు. ఇల్లు ఎక్కడని అడగలేదు. కాశింపీరా ప్రతి శుక్రవారం వచ్చి ఆయన ముందు అత్తరుకు చెయ్యి చాపినవాడే. లేచి, పై అరలోంచి వట్టివేరు అత్తరు దించి, చిన్న సీసాలోకి వంచాడు. తాత చేతిలోంచి చుక్క కింద పడటం సిలారు అప్పుడే మొదటిసారి చూశాడు.

ఆ సీసాను సిలారు అరచేతిలో పెట్టి, వేళ్లు మూశాడు.

"ఇస్లాంపురం వీధి, నీలం తలుపు. పో. సగంలో ఆపినావే, మిగిలిన ముక్క అక్కడ చెప్పిరా."

మూడేళ్లు ఎదురుచూసిన సీసా చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని సిలారు బండి నడిపిన తీరు చూసినవాళ్లు, ఎవరినో కొట్టి పారిపోతున్నాడనుకుని ఉంటారు.

నీలం తలుపు దగ్గర చెప్పులు గుట్టగా ఉన్నాయి. గడపలో ఒకామె, హుస్సేనమ్మే కాబోలు, నిలబడి ఉంది. కొంగుతో ముఖం తుడుచుకుని సీసా వంక చూసింది.

"అత్తరంగడి నుంచా? ఆ ఫోనులో మాట్లాడేది మీరేనా అన్నా?"

కాదని చెప్పడానికి సిలారు దగ్గర మంచి కారణమే ఉంది. ఆ సమయానికి అతను నిద్రపోతున్నాడు కూడా.

"నేనేనమ్మా."

"పోనీలే. ఎవరో చిన్నపిల్లోళ్లు ఫోను పట్టుకుని ఆడుకుంటా ఉండారనుకున్యా," అని పక్కకు జరిగి దారి ఇచ్చింది.

లోపల కాశింపీరాకు చివరి స్నానం అయిపోయింది. తెల్లబట్ట పరిచి ఉంది. తల దగ్గర కూర్చున్న పెద్దాయన, చనిపోయినాయనకు అన్న, సిలారును చూసి, "వచ్చినావా నాయనా. నువ్వే పుయ్యి. మౌలాలి మనిషివి కదా," అన్నాడు.

సిలారు వంగి నుదుటి మీద పూశాడు. తర్వాత చెయ్యి పట్టుకుని మణికట్టు మీద పూశాడు.

పూశాక చెయ్యి వదలకుండా ఆగాడు. రోజూ చూసిన పద్ధతి, ఒంటికి పట్టేసింది. ఏదో ఒక మాట వస్తుందని కాచుకుని ఉన్నాడు.

పెద్దాయన మెల్లగా, "చాల్లే నాయనా," అన్నాక గానీ వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి తాత అదే చోట కూర్చుని ఉన్నాడు.

"చెప్పినావా?"

సిలారు తల అడ్డంగా ఊపాడు.

తాత చాప మీద కొంచెం జరిగి, పక్కన చోటు ఇచ్చాడు. "ఎవరన్నా వస్తే చెయ్యి పట్టుకో. నువ్వు ముందు మాట్లాడొద్దు."

బోర్డు మీదికి నంబరు తిరిగి వచ్చింది. దానంతటదే పోయే జవాబు ఆగిపోయింది. ఇప్పుడు సిలారే చదివి, సిలారే రాస్తాడు. ఆలస్యమవుతుందని తిట్టేవాళ్లు ఉన్నారు. తిట్టడానికి అంగడిదాకా వచ్చి, చెయ్యి చాపి, కొనుక్కుని పోయినవాళ్లూ ఉన్నారు.

హుస్సేనమ్మకు కూడా రాశాడు. తప్పయిపోయిందమ్మా అని ఒకే ఒక్క ముక్క. అది రాయడానికి ఒక పూట పట్టింది.

పంపించి ఫోను పక్కన పెట్టాడు. కాసేపటికి తీసి, దాని కింద గుండె బొమ్మ ఏమైనా పడిందా అని చూశాడు. ఇప్పటికీ చూస్తూనే ఉంటాడు. చూడకుండా ఉండటం మాత్రం అతనికి ఇంకా రాలేదు.